ఆలస్యంగా తెరుచుకునే వేలు

రోగికి కరెంటు పెట్టేముందు నూకరత్నం తన చేతికి పెట్టుకుంటుంది. ఫిజియోథెరపీ కాలేజీలో పాఠం చెప్పిన ప్రొఫెసరు మొదటి రోజే ఆ అలవాటు చేయించాడు. మీటరు మీద అంకెను నమ్మొద్దు, ముందు నీ ముంజేతి మీద చూసుకో, నీకు చురుక్కుమంటే రోగికి చర్మం కాలుతుంది అనేవాడు. ఇరవై ఏళ్ళుగా ఆమె అది మానలేదు. కొత్తగా చేరిన పిల్లలు మానేశారు. ఇప్పటి యంత్రాలు తమను తామే సరిచూసుకుంటాయి మేడమ్, ఇంకా మీ చెయ్యెందుకు అని నవ్వుతారు.

విశాఖపట్నంలో తను పనిచేసే పునరావాస కేంద్రానికి కొత్త కరెంటు పెట్టె వచ్చాక కూడా ఆమె అలాగే చేసింది.

ఆ రోజు అచ్చియ్యమ్మ వంతు. అచ్చియ్యమ్మ ఇడ్లీ బండి నడిపేది. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయాక బండి కోడలి పాలయింది.

"ఇడ్లీ కాదమ్మా అది, ఇటిక," అంది అచ్చియ్యమ్మ కుర్చీలో కూర్చుంటూ. "కుక్కకేస్తే కుక్క నా మొకం సూసింది."

"మీరొచ్చి పిండి కలిపేదాకా కుక్కను ఓపిక పట్టమనండి," అంది నూకరత్నం. పెట్టెకున్న పట్టీ తీసి తన కుడి ముంజేతికి చుట్టుకుంది. కొత్త పెట్టె పనితీరు చూసే ఈ పరీక్షకు కుడి చెయ్యి పడిపోయినవాళ్ళనే తీసుకున్నారు, పట్టీని కుడి చేతికే కుట్టారు. ఎడమ చేత్తో మీట తిప్పింది. వేళ్ళ చివర చీమలు పుట్టి మోచేతి దాకా పాకాయి. ఆమె వాడిన ఏ యంత్రంలోనూ కరెంటు అలా కింది నుంచి పైకి పాకినట్టు అనిపించలేదు. కొత్త యంత్రం కదా అనుకుంది. మంట లేదు. పట్టీ విప్పి అచ్చియ్యమ్మకు కట్టింది.

"ఎలా ఉంది?"

"మోచేతి కాణ్ణించి ఏళ్ళలోకి దిగుతున్నాయి, గండుచీమలు."

తనకు ఎక్కినవి ఆమెకు దిగుతున్నాయి. నూకరత్నం ఆ మాట విన్నది, పక్కన పెట్టింది. ఎందుకంటే అప్పుడే అచ్చియ్యమ్మ పిడికిలి విడుతోంది. బొటనవేలు లేచింది. చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు తెరుచుకున్నాయి. ఉంగరపు వేలు ఒక క్షణం ఆగి తెరుచుకుంది. పట్టీ తీసేశాక కూడా చెయ్యి తెరిచే ఉంది. అచ్చియ్యమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసుకుని ఏడుపు మొదలుపెట్టింది.

పాత యంత్రాలు కండరాన్ని తట్టి లేపుతాయి. కరెంటు ఉన్నంతసేపు వేళ్ళు లేస్తాయి, ఆపితే పడిపోతాయి. ఈ పెట్టె పని వేరు. చచ్చుబడ్డ చేతిలో కూడా మెదడు పంపే కబురు పిసరంత మిగిలి ఉంటుంది. పెట్టె దాన్ని పట్టీ ద్వారా లాగి, పెద్దది చేసి, తిరిగి చేతిలోకి పంపుతుంది. డాక్టర్ మృణాళిని ఐదేళ్ళు పనిచేసి దాన్ని తయారుచేసింది. కేంద్రంలో మూడు పెట్టెలు, ముగ్గురు థెరపిస్టులు. మిగతా ఇద్దరి దగ్గర రోగుల చేతులు ఉన్నచోటే ఉన్నాయి. నూకరత్నం దగ్గర తెరుచుకుంటున్నాయి. మృణాళిని రోజూ వచ్చి వెనక నిలబడి చూసేది. ఏం చేస్తున్నారు మీరు అని అడిగేది. అందరూ చేసేదే మేడమ్ అనేది నూకరత్నం. అది నిజమనే ఆమె అనుకుంది.

శనివారం సాయంత్రం ఆమె తన పెట్టెను సంచిలో పెట్టుకుని జాలరిపేటలో ఇంటికి తెచ్చేది. సోమవారం పొద్దున ఎవరూ రాకముందే తిరిగి పెట్టేది. తమ్ముడు ఎల్లాజీ కోసం.

ఎల్లాజీకి వేటలో ఉండగా పక్షవాతం వచ్చింది. వల సగం లాగాక చేతిలోంచి తాడు జారింది. తోటివాళ్ళు ఎండదెబ్బ అనుకుని తలమీద నీళ్ళు పోశారు. పడవ ఒడ్డుకు చేరేసరికి మందు పనిచేసే గంటలు దాటిపోయాయి. కాలు, మాట తిరిగి వచ్చాయి. కుడి చెయ్యి రాలేదు. కేంద్రంలో పరీక్షకు ఆరు నెలల లోపు కేసులనే తీసుకుంటున్నారు. ఎల్లాజీది ఏడాది దాటింది.

నూకరత్నం కాలేజీలో ఉన్నప్పుడు తండ్రి పోయాడు. అప్పటికి ఎల్లాజీ తొమ్మిదో తరగతి. మర్నాటి నుంచి బడి మాని తండ్రి పడవ ఎక్కాడు. అక్క చదువు ఆగలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

కరెంటు మొదలుపెట్టకముందు, ఒక తెల్లవారుజామున, ఎల్లాజీ ఒంటరిగా సముద్రంలోకి నడిచాడు. మెడలోతు దాటాక పడవలవాళ్ళు చూసి లాక్కొచ్చారు. ఈత కొడదామని వెళ్ళానన్నాడు. ఒంటిచేత్తో ఈతేమిటని పేటలో ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి అతని భార్య దానమ్మ చీర కొంగు అతని నడుముకు ముడేసుకుని పడుకునేది. చేపల గంప ఎత్తుకుని వీధులకు వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఎవరినో ఒకరిని కూర్చోబెట్టి వెళ్ళేది.

"వొదినా," అంది ఒకరోజు. "నీకు సదువుంది. నాకు ఈ మనిసున్నాడు. ఏటి సేస్తావో సెయ్యి."

మొదటి ఆదివారమే ఎల్లాజీ చూపుడువేలు కదిలింది. దానమ్మ రాళ్ళ ఉప్పు వేయించి మూటగట్టి చేతికి కాపడం పెట్టేది. కండరాలు వదులయ్యాక నూకరత్నం ముందు తనకు, తర్వాత అతనికి పట్టీ కట్టేది. వానలు పడేనాటికి అతను గ్లాసు పట్టుకున్నాడు. వానలు వెలిశాక తాడు పట్టుకున్నాడు. చీర ముడి వేసుకోవడం దానమ్మ మానేసింది.

ఎల్లాజీ మళ్ళీ వేటకు వెళ్ళిన రోజు నూకరత్నం సెలవు పెట్టి ఒడ్డున నిలబడింది. పడవ వచ్చింది. ఎల్లాజీ గంతేసి దిగి వంజరం చేపను తోక పట్టుకుని ఎత్తాడు.

"అప్పా, పట్టుకో!" అన్నాడు అక్కతో.

ఆమె కుడి చేత్తో పట్టుకుంది. చేప జారి ఇసకలో పడింది. వంగి తీసింది. మళ్ళీ జారింది.

"సదువుకున్న సేతుల్లో సేప నిలవదొదినా," అంది దానమ్మ. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నూకరత్నం కూడా నవ్వి ఎడమ చేత్తో తీసుకుంది. కొంతకాలంగా ఆ చెయ్యి అలాగే ఉంది. టీ గ్లాసు జారుతోంది, జాకెట్టు హుక్కు పడడం లేదు. మెడలో ఎముక అరిగి ఉంటుందనుకుంది. తన రోగులకు చెప్పే మెడ వ్యాయామాలే పొద్దున పూట తనూ చేస్తోంది.

ఎల్లాజీ పడవ నీడలో కూర్చుని వలలోంచి కవళ్ళు, ఆ చిన్న చేపలను, విదిలిస్తున్నాడు. వేళ్ళు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆపి చెయ్యి మొహం ముందు పెట్టుకున్నాడు.

"ఏటప్పా ఇది? నా ఏలు కూడా నీ ఏలులాగ నీలుగుతాంది."

నూకరత్నానికి పదేళ్ళప్పుడు, ఈ ఒడ్డునే వల దులుపుతుంటే, టేకు చేప ముల్లు ఉంగరపు వేలి మొదట్లో దిగింది. పుండు మానింది గాని లోపల నరం దెబ్బతిన్నది. అప్పటినుంచి పిడికిలి విప్పితే ఆ వేలు మిగతావాటి కంటే వెనకగా తెరుచుకుంటుంది. చిన్నప్పుడు ఎల్లాజీ దాన్ని వెక్కిరించేవాడు. బడికి ఆలస్యంగా వచ్చే పిల్ల అనేవాడు.

"మల్లీ ఇప్పు," అంది నూకరత్నం.

అతను విప్పాడు. నాలుగు వేళ్ళు తెరుచుకున్నాయి. అయిదోది ఆగి తెరుచుకుంది.

"నన్ను ఎక్కిరించినందుకు దేవుడు నీకూ ఒకటిచ్చాడురా," అంది ఆమె. ఎల్లాజీ నవ్వాడు. ఆమెకు మాత్రం అచ్చియ్యమ్మ చెయ్యి గుర్తొచ్చింది.

మర్నాడు కేంద్రంలో అచ్చియ్యమ్మను నడకకు లేపింది. ఇనప కమ్మీల మధ్య నడిపించేటప్పుడు రోగి నడుముకు బెల్టు కట్టి వెనకనుంచి పట్టుకుంటారు. నూకరత్నం కుడి చేత్తో బెల్టు పట్టుకుంది.

"అచ్చియ్యమ్మగారూ, ఆ చెయ్యి ఒకసారి విప్పి చూపించండి."

"సూపిత్తాను. నిన్న కోడల్ని బండి కాణ్ణించి లేపేసి నేనే ఏశాను ఇడ్లీలు. రావడం మానేసిన బడి పిల్లలు కూడా మల్లీ వచ్చారు." అచ్చియ్యమ్మ కమ్మీ వదిలి చెయ్యి పైకెత్తి వేళ్ళు విప్పింది. ఉంగరపు వేలు ఆగింది, తర్వాత తెరుచుకుంది.

నూకరత్నం ఆ వేలి వంకే చూస్తూ ఉండిపోయింది. అచ్చియ్యమ్మ మోకాలు మడతపడింది. నూకరత్నం బెల్టును బిగించబోయింది. పట్టు బిగుసుకోలేదు. బెల్టు చేతిలోంచి వెళ్ళిపోయింది. అచ్చియ్యమ్మ పక్కకు పడి కమ్మీకి తుంటి తగిలించుకుంది. ఎముక విరగలేదని ఎక్సరేలో తేలింది. నెల రోజులు మంచం దిగొద్దన్నారు.

"నీ తప్పేటుందమ్మా," అంది అచ్చియ్యమ్మ స్ట్రెచర్ మీంచి. "నేనే కులాసాకి సెయ్యొదిలేశాను." బాగయిన చేత్తో నూకరత్నం చెంప నిమిరింది.

నూకరత్నం తన రోగులందరినీ వరసగా పిలిచి చేతులు విప్పించింది. తర్వాత మృణాళిని గదికి వెళ్ళి తన చెయ్యి బల్ల మీద పెట్టి విప్పింది. ఇప్పుడు నాలుగు వేళ్ళు కూడా సగమే తెరుచుకుంటున్నాయి.

మృణాళిని ఆ చేతికి తీగలు అతికించి తెర మీద గీతలు చూసింది. అచ్చియ్యమ్మ గీతలు తెచ్చి పక్కన పెట్టింది. ఒకే మెలిక రెండిట్లోనూ ఉంది.

"మీరు ముందు మీకు కట్టుకుంటారు," అంది చివరికి. "ఎంతసేపు?"

"చీమలు పాకాయని తెలిసేదాకా. విప్పి వాళ్ళకు కడతాను."

మృణాళిని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పెట్టె కబురును విని రాసుకోదు రత్నంగారూ. లాగేసుకుంటుంది. లాగినంత మేరా చేతిలో పోతుంది. నిమిషంలో అదే చేతికి తిరిగి ఇచ్చేస్తుంది కాబట్టి నష్టం లేదని లెక్క వేశాను. ఇచ్చేలోపు పట్టీ విప్పుతారని నేను అనుకోలేదు. ఎవరు విప్పుతారు?"

"మా ప్రొఫెసరు విప్పమన్నాడు," అంది నూకరత్నం.

"తీసుకున్నది తిరిగి ఇవ్వాలని దానికి తెలుసు. ఎవరికి ఇస్తున్నదీ తెలియదు." మృణాళిని నవ్వబోయి ఆగింది. "నా పెట్టె ఎవరినీ బాగుచెయ్యలేదు. మీ చెయ్యి కోసి అందరికీ పంచింది."

నూకరత్నం సగం తెరిచిన చేతిని బల్ల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చు," అంది మృణాళిని. "వాళ్ళకు ముందు కట్టి, విప్పి, మీకు కట్టాలి."

"ఎవరికి కట్టమంటారు మేడమ్? అచ్చియ్యమ్మను మంచం మీంచి పిలిచి కూర్చోబెట్టనా? ఇడ్లీలు చాలించు, నా చెయ్యి నాకివ్వు అని అడగనా?"

"మీరు అడగకపోయినా వాళ్ళ దగ్గర నిలవదు. కొంచెం కొంచెంగా ఇచ్చింది కొంచెం కొంచెంగానే కరిగిపోతుంది. ఆపేస్తే నెలలో అందరి చేతులూ మొదటికొస్తాయి. కరిగింది మీకూ రాదు. ఎవరికీ కాకుండా పోతుంది."

"మొత్తం ఇస్తే?"

మృణాళిని తలెత్తి చూసింది. "ఎవరికి?"

"ఊరికే అడుగుతున్నాను."

"మీట చివరిదాకా తిప్పి, చీమలు ఆగిపోయేదాకా ఉంచితే మొత్తం వెళ్ళిపోతుంది. అలా వెళ్ళింది అవతలి చేతిలో నిలుస్తుంది. కాని ఇచ్చిన చేతిలో ఇక ఏదీ పట్టదు. ఎవరి దగ్గర్నుంచి తెచ్చి పోసినా పట్టదు. దారే ఉండదు." ఆమె లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. "ఇది బయట తెలిస్తే ఏమవుతుందో తెలుసా? మొదట తల్లులు వస్తారు, పిల్లలకు ఇస్తామని. ఆ తర్వాత ఆసుపత్రి గేటు బయట కూలీలు నిలబడతారు, చెయ్యి ఇస్తాం ఎంతిస్తారు అని. నేను ఇక్కడితో ఆపేస్తున్నాను. సోమవారం మూడు పెట్టెలూ విప్పి పారేస్తాను."

నూకరత్నం తలుపు దాకా వెళ్ళాక మృణాళిని వెనకనుంచి అంది. "శనివారాలు మీ పెట్టె ఎక్కడికి వెళ్తోందో నేను అడగను. సోమవారం తొమ్మిదింటికి నా బల్ల మీద ఉండాలి."

జాలరిపేటలో కబుర్లు చేపల గంపలతో పాటే తిరుగుతాయి. అచ్చియ్యమ్మ పడిందని, రత్నం చేతిలోంచి జారిపోయిందని దానమ్మ బజారులో విన్నది. ఇంటికొచ్చి ఎల్లాజీకి చెప్పింది. ఆ సాయంత్రం ఎల్లాజీ అక్క గదిలోకి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఆ పెట్టె ఏటి సేస్తాదో సెప్పు."

చిన్నప్పటినుంచీ ఆమె చదువుకున్న ప్రతిదీ అతనికి చెప్పేది. ఎముకల పేర్లు, నరాల పేర్లు అతని చెయ్యి పట్టుకునే వల్లె వేసింది. ఇదీ చెప్పింది. ముందు కట్టుకున్నవాళ్ళది పోతుందని, తర్వాత కట్టుకున్నవాళ్ళకు వస్తుందని చెప్పింది. మెడలోతు నీళ్ళు ఆమె కళ్ళ ముందు ఉన్నాయి. మొత్తం ఇవ్వడం గురించి మాత్రం వేరుగా చెప్పింది.

"ఆదివారం ఆకరిసారి కడతాను. మీట సివరిదాకా తిప్పి, సీమలు ఆగీదాకా ఉంచాల. అలగ సేస్తే నీ సెయ్యి ఇంక జారదు."

"నీదో?"

"నాకేటవుద్ది? కొంచెం నీరసం. నెలకి సర్దుకుంటాది."

ఎల్లాజీ చాలాసేపు తన వేళ్ళు విప్పుతూ మూస్తూ కూర్చున్నాడు.

"సరే," అన్నాడు.

అతను వెళ్ళాక ఆమె ఎడమ చేత్తో పేరు రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు గుమ్మడి తీగలా సాగాయి. ఎడమ చేత్తో బెల్టు పట్టుకోవచ్చా అని ఆలోచించింది. ఒక చేత్తో మనిషిని మంచం మీంచి లేపొచ్చా? లేపలేనని ఆమెకు తెలుసు. లేపలేనివాళ్ళను కేంద్రంలో ఉంచరనీ తెలుసు. ఎల్లాజీ చెయ్యి జారిపోతే మళ్ళీ ఏ తెల్లవారుజామున లేస్తాడో అది తెలియదు. తెలియనిదే ఎక్కువ బరువుగా ఉంది.

ఆదివారం పొద్దున ఎండ బాగా కాసింది. దానమ్మ చేపలకు వెళ్ళలేదు. పెట్టెను చాప మీద పెట్టి, పట్టీకి జెల్లీ రాసి ఉంచింది నూకరత్నం.

"ఉప్పు నువ్వే ఏపు వొదినా," అంది దానమ్మ. "నేనేపితే మాడిపోతంది ఈ మద్దెన."

పెరట్లో కట్టెల పొయ్యి. నూకరత్నం మూకుట్లో రాళ్ళ ఉప్పు పోసి ఎడమ చేత్తో గరిటె తిప్పింది. ఉప్పు చిటపటలాడింది. చిటపటలు ఆగి రంగు తిరిగేదాకా వేయించాలి, లేకపోతే వేడి నిలవదు. ఆమె తొందరపడలేదు. తొందరపడదని ఇంట్లోవాళ్ళకు తెలుసు. లోపల్నుంచి ఒకసారి ఎల్లాజీ దగ్గు వినిపించింది. ఉప్పును పాత పంచెలో మూటగట్టి లోపలికి తెచ్చింది.

ఎల్లాజీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో తువ్వాలు మీద ఉంది. దానమ్మ అతని వెనక నిలబడి గోడకేసి చూస్తోంది. నూకరత్నం మూటను అతని ముంజేతి మీద అద్దింది. కండరం వేలి కింద మెత్తగా కదిలింది. ఎక్కడా బిగువు లేదు.

"ఇయ్యాల బాగా వదులయింది," అంది. వేడికి కండరం వదులవుతుంది. రోజూ చూసేదే.

"ఊఁ," అన్నాడు ఎల్లాజీ.

ఆమె మూట పక్కన పెట్టింది. ఎప్పటిలాగే పట్టీ తీసి తన కుడి ముంజేతికి చుట్టుకుంది. ఎడమ చేత్తో మీటను చివరిదాకా తిప్పింది. చీమల కోసం వేళ్ళ చివర్లను చూసింది.

వేళ్ళ దగ్గర ఏమీ లేదు.

మోచేతి దగ్గర పుట్టాయి. ముంజేతిలోకి దిగాయి. మణికట్టు దాటి అరచేతిలోకి, అక్కణ్ణించి వేళ్ళలోకి దిగుతున్నాయి. ఇన్ని నెలల్లో ఆమె రోగులు చెప్పగా విన్నదే గాని తనకు తెలిసింది కాదు. ఆమెకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక ఎడమ చెయ్యి పట్టీ మీదికి వెళ్ళింది. ఎల్లాజీ ఎడమ చెయ్యి దాన్ని మధ్యలోనే పట్టుకుంది. తాళ్ళు లాగిన చెయ్యి అది.

"ఒదులురా! ఒరే, ఒదులు! నేను ఉప్పు ఏపుతుంటే ఎంతసేపు కట్టుకున్నావు?"

"సీమలు ఆగీదాకా."

"దానమ్మా! మీట తిప్పీ! నీకు దండం పెడతాను, తిప్పీయే!"

దానమ్మ వచ్చి మీట మీద చెయ్యి వేసింది. తిప్పలేదు. ఎవరూ తిప్పకుండా చెయ్యి అక్కడే ఉంచింది. "నన్నేటీ అడక్కొదినా," అంది. "మీ తమ్ముడు సెప్పాడు, నేను సేశాను. రేత్రి నా కాళ్ళు పట్టుకున్నాడు."

"నీకు ఇంక ఎక్కదురా అది," అంది నూకరత్నం. "నేను నీకు సెప్పలేదు. ఒకసారి మొత్తం తీసిన సేతిలో ఇంక ఏదీ పట్టదు."

"తెలుసు."

"ఎలగ తెలుసు?"

"నీకేటీ అవదన్నావు కదా. నువ్వు అబద్దం సెప్పినప్పుడు సెవి గోక్కుంటావు." అతను పట్టు సడలించలేదు. "అచ్చియ్యమ్మ లాంటోల్లని ఎంతమందిని పట్టుకోవాలి నువ్వు. నా సేతిలో ఒక తాడే కదా అప్పా. ఇంకోడు లాగుతాడు."

"నీ సదువు మాని నన్ను సదివించావు. అదే సాలదా నీకు?"

"అప్పుడు నీ సదువు కోసం ఎల్లిన సెయ్యే ఇది. ఒకసారి ఎల్లింది. దారి తెలుసు దానికి."

"మల్లీ సముద్రంలోకి ఎల్తావు. నాకు తెల్దనుకున్నావా?"

ఎల్లాజీ ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. దానమ్మ మీట మీద చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో తన కొంగు వెతుక్కుని, అతని నడుము వైపు చూసింది.

చీమలు ఆగాయి. పెట్టె చప్పుడు ఆగింది. ఎల్లాజీ ఆమె చెయ్యి వదిలాడు. నూకరత్నం పట్టీ తెంపినట్టు విప్పి అతని కుడి ముంజేతికి చుట్టింది. మీట చివరిదాకా తిప్పింది. వెనక్కి తిప్పి మళ్ళీ తిప్పింది. తనకు కట్టుకుంది, అతనికి కట్టింది. పట్టీ మీద చేత్తో అదిమి నొక్కింది. దారి లేదని మృణాళిని చెప్పింది ఆమెకు గుర్తుంది. అయినా కట్టింది. అతని వేళ్ళు తువ్వాలు మీద మూసుకునే ఉన్నాయి.

"సాలప్పా," అన్నాడు ఎల్లాజీ. "నీ సెయ్యి సూసుకో."

ఆమె చూడలేదు. దానమ్మే ఆమె మణికట్టు పట్టుకుని పైకెత్తింది. నూకరత్నం పిడికిలి బిగించి ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడేంత బిగువుగా ఉంది. ఎన్నో వారాలుగా అలా బిగుసుకోలేదు.

"ఇప్పు," అన్నాడు ఎల్లాజీ.

బొటనవేలు లేచింది. చూపుడువేలు, మధ్యవేలు, చిటికెనవేలు తెరుచుకున్నాయి. ఉంగరపు వేలు ఆగింది. ముగ్గురూ దాని వంకే చూశారు. అది తెరుచుకుంది.

"నీదే," అన్నాడు ఎల్లాజీ. నవ్వాడు. "బడికొచ్చింది."

ఉప్పు మూట ఇంకా వేడిగానే ఉంది. నూకరత్నం దాన్ని ఆ చేత్తోనే తీసి, ఎల్లాజీ ముంజేతి మీద పెట్టి నొక్కింది. అది చల్లారేదాకా నొక్కుతూ ఉంది. చల్లారాక లేచి పెరట్లోకి వెళ్ళి మళ్ళీ పొయ్యి రాజేసింది.